ముక్కలు కోసే పనిముట్లు – మామిడి ఒరుగులు

ఈ దినం నేను మీతో మాట్లాడదలచినది విత్తనాల గురించి కాదు, ఎరువుల గురించి కాదు. మీ వంటింట్లో గోడవార నిలబెట్టి ఉండే కత్తిపీట గురించి. కొన్ని ఊళ్ళలో దీనినే ఈలపీట అంటారు. "వ్యవసాయ విస్తరణ అధికారికి వంటింటి కత్తిపీటతో ఏమి పని?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది కాబట్టే ఈ విషయం ఎత్తుకున్నాను. పంట చేను దాటి ఇంటికి రాగానే మన బాధ్యత తీరిపోదు. పండించినది చెడకుండా నిలవ చేసికొని, దానిమీద నాలుగు రూపాయలు కళ్ళజూచినప్పుడే పంట చేతికి వచ్చినట్లు. ఆ నిలవ చేసే పనికి మొదటి మెట్టు కోత. కోతకు ఆధారం కత్తి.

మన బెల్లంపల్లి పేరు చెప్పగానే అందరికీ బొగ్గుబావులు జ్ఞాపకం వస్తాయి. ఐతే ఈ చుట్టుపట్ల మామిడి తోటలు కూడా తక్కువేమీ కాదు. నెన్నెల, తాండూరు, బెల్లంపల్లి మండలాలలోను, అటు చెన్నూరు, జైపూర్ వైపును ఎందరో రైతులు మామిడిని నమ్ముకొని ఉన్నారు. 2016 అక్టోబరులో ఆదిలాబాద్ జిల్లా విడిపోయి మంచిర్యాల జిల్లా ఏర్పడిన తరువాత ఈ తోటలు కొత్త జిల్లా లెక్కలోకి వచ్చినవి. చెట్టు మీద కోసిన మంచి కాయ లారీ ఎక్కి నాగపూర్ మార్కెట్టుకు పోతుంది. దాని సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. నేను చెప్పేది లారీ ఎక్కని కాయ సంగతి.

మార్చి, ఏప్రిల్ నెలలలో మన దిక్కు గాలిదుమారం ఎట్లా వస్తుందో మీకు తెలుసు. సాయంత్రం వేళ ఆకాశం ఎర్రబారి, ఒక్క అరగంట గాలి వీస్తే, తెల్లవారేసరికి చెట్టు కింద కాయలు చాపలాగా పరచుకొని ఉంటాయి. వాటికి తోడు రాళ్ళవాన పడితే ఇక చెప్పనే అక్కర లేదు. రాలిన కాయకు దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలిన చోట నుండి రెండు మూడు దినాలలో కుళ్ళు మొదలవుతుంది. అది మాగబెట్టడానికి పనికిరాదు, దూరపు మార్కెట్టుకు పోదు. బేరగాడికి ఈ సంగతి రైతు కంటే బాగా తెలుసు. అందుచేత అతడు చెప్పినదే ధర. కొందరైతే ఆ ధరకు కూలి కూడా గిట్టదని కాయలను తోటలోనే వదిలిపెడతారు.

ఇదే కాయను ఆ రోజే చెక్కు తీసి, ముక్కలు కోసి, ఎండబెట్టినారనుకోండి. అది మామిడి ఒరుగు అవుతుంది. దంచితే ఆమ్‌చూర్ పొడి అవుతుంది. సరిగా ఆరినది, గాలి తగలకుండా దాచినది ఐతే నెలల తరబడి నిలవ ఉంటుంది. మనకు దగ్గరలోనే నిజామాబాద్ మార్కెట్టు పసుపుకు ఎంత పేరో, ఆమ్‌చూర్ వ్యాపారానికి కూడా అంత పేరు. అక్కడి నుండి ఉత్తరదేశానికి సరుకు పోతుంది. చింతపండు వాడకం తక్కువగా ఉండే ఆ ప్రాంతాలలో పప్పులకు, కూరలకు పులుపు కొరకు ఆమ్‌చూర్ వాడతారు.

మరి రాలిన కాయకు, ఆరిన ఒరుగుకు నడుమ అడ్డం ఏమిటి? ఎండ మనకు కావలసినంత ఉన్నది. వేసవిలో ఈ బొగ్గుగనుల ప్రాంతపు ఎండ ఎటువంటిదో లోకానికంతా తెలుసు. అడ్డమంతా కోత పనిలోనే ఉన్నది. ఒక చిన్న లెక్క వేసి చూడండి. కాయ ఒక్కొక్కటి 200 గ్రాములు తూగినదనుకుంటే, 100 కిలోలకు 500 కాయలు. ప్రతి కాయకు ముందు చెక్కు తీయవలెను. తరువాత కాయకు 10 ముక్కల చొప్పున కోసినా 5,000 ముక్కలు. ఈ 5,000 కోతలు ఎవరు కోస్తారు? మన ఇంటి ఆడవాళ్ళు. దేనితో కోస్తారు? అత్తగారి కాలం నాటి, పదును పోయిన కత్తిపీటతో. సగం కాయలు ఐపోయేసరికి చేతులు బొబ్బలెక్కుతాయి, మామిడి సొన తగిలి చర్మం మండుతుంది, వేలు తెగుతుంది. మిగతా సగం మరునాటికి కుళ్ళిపోతుంది. ఒరుగులు పెట్టడం లాభం లేని పని అని మన ఊళ్ళలో పేరు పడింది ఇందుకే. తప్పు ఒరుగుది కాదు, పనిముట్టుది.

ఇక పనిముట్లను ఒక్కొక్కదాని గురించే తెలిసికొందాము. ఒక్క మాట ముందుగానే మనసులో పెట్టుకోండి. అన్ని పనులకూ సరిపోయే కోత పనిముట్టు ఒక్కటీ లేదు. నాగలి పని గుంటుక చేయదు, గుంటుక పని నాగలి చేయదు. ఇదీ అంతే.

మొదటిది కత్తిపీట. ఇది మన ఒక్కరి సొత్తు కాదు. మరాఠీవాళ్ళు విళీ అంటారు, కన్నడంవాళ్ళు ఈళిగె మణె అంటారు, అరవవాళ్ళు అరివాళ్‌మనై అంటారు, బెంగాలువాళ్ళు బొటి అంటారు. ఇంత దేశం ఇన్ని తరాలుగా దీనిని విడువక పట్టుకొని ఉన్నదంటే అందులో ఏదో గుణం ఉండి తీరవలెను. ఆ గుణం ఏమిటంటే, చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి చాకుకు పోతుంది, ఒక్క చెయ్యే కాయకు మిగులుతుంది. కత్తిపీటలో కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటను కాలితో అదిమి పెడతాము కాబట్టి రెండు చేతులూ కాయను పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. గుమ్మడికాయ వంటి పెద్ద కాయను కూడా శరీరపు బరువు మోపి కోయవచ్చును. ఆకుకూరలు, బెండకాయలు, గోకరకాయలు గుప్పెడు గుప్పెడుగా కోయడానికి దీనిని మించినది లేదు.

ఐతే దీనికి రెండు లోపాలున్నవి. ఒకటి, ముక్క మందం మన చేతి అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. కూరకు ఐతే ముక్క కొంచెం ఎక్కువ తక్కువైనా ఫరవాలేదు. ఒరుగుకు ఫరవా ఉన్నది. అది ఎందుకో తరువాత చెబుతాను. రెండవ లోపం, గంటల తరబడి నేల మీద మోకాలు ముడిచి కూర్చోవలెను. మోకాళ్ళ నొప్పులున్న తల్లులకు ఇది పెద్ద శిక్ష. దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటున్నది. కత్తిపీటను గట్టి బల్లకు రెండు బోల్టులతో బిగించి, ఎదురుగా స్టూలు వేసికొని కూర్చోండి. కాలితో అదిమే పని బోల్టు చేస్తుంది, మోకాలికి విశ్రాంతి దొరుకుతుంది.

రెండవది, ఆవకాయ కోసే మీట కత్తి. బజారులో దీనిని మామిడికాయ కట్టర్ అంటున్నారు. ఒక బరువైన చెక్క మీద కత్తిని ఒక కొనన మేకుతో బిగిస్తారు. రెండవ కొనన పొడుగు పిడి ఉంటుంది. ఇది పనిచేసే తీరు మీకు కొత్త కాదు. మన అవ్వలు పోకచెక్కలు కత్తిరించిన అడకత్తెర తీరే ఇది. మేకు నుండి కాయ 3 అంగుళాల దూరంలో, పిడి 18 అంగుళాల దూరంలో ఉన్నదనుకోండి. మీరు పిడి మీద మోపిన బలం కాయ దగ్గర ఆరింతలు అవుతుంది. 10 కిలోల బరువు మోపితే, కాయ మీద 60 కిలోల బరువు మోపినట్లు. అందుచేతనే ముదిరిన టెంక కూడా ఒక్క దెబ్బకు రెండుగా చీలుతుంది. ఆవకాయ ముక్కకు టెంక ఉండవలెను కాబట్టి ఆ పనికి ఇది సరియైన పనిముట్టు. ఒరుగుకు టెంక పనికిరాదు. కాబట్టి ఒరుగు కోతకు దీనిని కొని డబ్బు వృథా చేయకండి. కాయను రెండు చెక్కలుగా చీల్చే మొదటి పని వరకే ఇది అక్కరకు వస్తుంది.

మీట కత్తి వాడేటప్పుడు ఒక నియమం తప్పకుండా పాటించవలెను. కాయ పెట్టే చెయ్యి ఒకరిది, పిడి నొక్కే చెయ్యి మరొకరిది కారాదు. పని తొందరగా అవుతుందని ఇద్దరు కూర్చొని, ఒకరు కాయ అందిస్తే ఒకరు నొక్కుతుంటారు. మాటల్లో పడి ఒక్క క్షణం ఏమరితే, అడకత్తెరలో పోకచెక్క ఐనట్లు అందించేవారి వేలు అవుతుంది. కాయ పెట్టినవారే పిడి నొక్కవలెను. కోసిన ముక్కను వేలితో కాక చిన్న పుల్లతో పక్కకు తోయవలెను.

మూడవది, పలుచగా కోసే పీట. ఆలుగడ్డ చిప్స్ కోయడానికి వాడే స్లైసర్ ఇదే. ఒక పలక, దానికి నడుమ అడ్డంగా బిగించిన కత్తి, కత్తికి పలకకు మధ్య సందు. కాయను పలక మీద రుద్దితే సందు ఎంత ఉన్నదో అంత మందాన ముక్క కిందికి జారుతుంది. మంచి రకాలలో మర తిప్పి సందును ఎక్కువ తక్కువ చేసికోవచ్చును. ఒరుగులకు నేను సిఫారసు చేసే పనిముట్టు ఇదే. కారణం వినండి.

ముక్కలోని తేమ లోపలి నుండి పైకి వచ్చి, అక్కడి నుండి గాలిలో కలుస్తుంది. మందం పెరిగిన కొద్దీ తేమ నడవవలసిన దారి పెరుగుతుంది. మందం రెట్టింపైతే ఆరే కాలం రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది. ఇప్పుడు ఒకే చాప మీద ఒక ముక్క కాగితం మందాన, ఒక ముక్క వేలి మందాన ఉన్నదనుకోండి. పలుచనిది రెండు రోజులలో ఎండి, మూడవ రోజుకు పొడిపొడి అవుతుంది. మందమైనది పైకి ఎండినట్లు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. రెండింటినీ ఒకే సంచిలో పోసి మూతి కడితే, మందపు ముక్కలోని తేమ సంచి మొత్తానికి పాకి బూజు పట్టిస్తుంది. ఒక్క పచ్చి ముక్క సంచినంతా చెరుపుతుందన్నమాట. అందుచేత ముక్కలన్నీ ఒకే మందాన ఉండవలెను. సుమారు 5 మిల్లీమీటర్లు, అనగా మూడు రూపాయి బిళ్ళలను ఒకదానిపై ఒకటి పెట్టినదానికంటే కొంచెం ఎక్కువ మందం, అనుకూలంగా ఉంటుంది.

స్లైసర్‌తో ప్రమాదం కాయ మొదట్లో ఉండదు, చివర్లో ఉంటుంది. కాయ అరిగి చిన్నదైన కొద్దీ వేళ్ళు కత్తికి దగ్గరవుతాయి. చేతి వేగం మాత్రం తగ్గదు. అందుకే ముళ్ళున్న పట్టును స్లైసర్‌తో పాటే ఇస్తారు. దానిని చాలామంది కొన్ననాడే మూలన పారవేస్తారు. అట్లా చేయకండి. పట్టు లేకపోతే ముక్క రెండు వేళ్ళ మందానికి రాగానే ఆపి, ఆ చివరి భాగాన్ని చాకుతో కోయండి. పలక జారకుండా కింద తడిగుడ్డ మడిచి పెట్టండి. టెంక ముదరని లేత కాయ ఐతే రెండుగా చీల్చి, జీడి తీసివేసి, ఒక్కొక్క చెక్కను రుద్దవచ్చును. టెంక ముదిరినదైతే నాలుగు వైపులా కండను చెక్కలుగా కోసి, ఆ చెక్కలనే స్లైసర్ మీద పెట్టండి. టెంకతో సహా రుద్దితే కత్తి పంటిపంటిగా చెడుతుంది.

నాలుగవది, తాడు లాగే చాపర్. ఈ మధ్య సంతలలోను, బస్టాండు ముందర దుకాణాలలోను చవకగా అమ్ముతున్నారు. గుండ్రని డబ్బా, లోపల మూడు వంకర కత్తులు, మూత మీద ఒక తాడు. తాడు లాగితే మూతలోని చక్రం తిరిగి కత్తులు తిరుగుతాయి. వదిలితే లోపలి స్ప్రింగు తాడును మరల చుట్టుకుంటుంది. కరెంటు అక్కర లేదు. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కొత్తిమీర, టమాటలు నాలుగైదు లాగులకు సన్నగా తరుగుతుంది. మిరపకాయలు చేత్తో ముట్టనవసరం లేదు కాబట్టి చేతులు మండవు. చేనుకు పోయే తొందరలో ఉన్న ఆడవాళ్ళకు ఇది నిజంగా ఉపకారమే.

ఐతే ఒరుగులకు ఇది పనికిరాదు. ఇందులో ముక్క ఒకటి నలకంత, ఒకటి రేగుపండంత అవుతుంది. మందం విషయం ఇప్పుడే చెప్పుకున్నాము కదా. గట్టి సామాను వేసినా, డబ్బా నిండా కూరినా కత్తులు ఇరుక్కుంటాయి. అప్పుడు బలంగా లాగితే తాడు తెగుతుంది, లేక ప్లాస్టిక్ పళ్ళచక్రం విరుగుతుంది. సగం డబ్బా మించి నింపకండి. ముందే పెద్ద ముక్కలు చేసి వేయండి. చిన్న చిన్న లాగులుగా లాగండి. కడిగేటప్పుడు కత్తుల కుదురును పై కొనన పట్టుకొని తీయండి. సబ్బునీళ్ళ గిన్నెలో కత్తులు కనిపించకుండా మునిగి ఉంటే, చెయ్యి పెట్టినవారికి తెగుతుంది.

ఇక లోహం సంగతి. ఇనుప కత్తితో మామిడికాయ కోస్తే ముక్క అంచు నల్లబడడం మీరందరూ చూసినదే. కాయలో వగరునిచ్చే పదార్థం, పులుపు ఉన్నవి. పులుపుకు ఇనుము కొంచెం కరుగుతుంది, కరిగిన ఇనుము వగరుతో కలిసి నల్లరంగు పుడుతుంది. గాలి తగిలి కోసిన ముక్క ఎర్రబడడం మరొక సంగతి, దానికి ఉప్పునీళ్ళ ఉపాయం చెబుతాను. నల్లరంగుకు మాత్రం ఉపాయం కత్తి మార్చడమే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఉక్కులో క్రోమియం కలిపి తుప్పు పట్టని ఉక్కును తయారుచేసినాడు. మనం స్టెయిన్‌లెస్ స్టీలు అంటున్నది దాని సంతతే. ఒరుగు కోతకు స్టీలు కత్తినే వాడండి. తెల్లగా ఉన్న ఒరుగుకు, నల్లబడిన ఒరుగుకు కొనేవాడు ఒకే ధర పెట్టడు.

ఇట్లా అన్నానని ఇనుప కత్తిని, మన కమ్మరిని తక్కువ చేసినట్లు కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం వంటి ఊళ్ళలో మన కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు పారశీక దేశపు వర్తకులు వచ్చేవారు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు ఆధారం వూట్జ్ అనే ఈ ఉక్కే. అటువంటి విద్య నడిచిన నేల మీద కూర్చొని మనం మొద్దు కత్తితో వేళ్ళు కోసుకోవడం ఏమి న్యాయం? ఆకుకూరలకు, వంకాయలకు కమ్మరి కొట్టిన ఇనుప కత్తిపీట ఎంతో మేలు. పదును తొందరగా ఎక్కుతుంది. పని కాగానే కడిగి, తుడిచి, చుక్క నూనె రాస్తే తుప్పు పట్టదు.

పదును గురించి మరొక మాట. పదును కత్తి ప్రమాదమని, మొద్దు కత్తి ఐతే భయం లేదని చాలామంది అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు. పదునైన కత్తి ముట్టగానే దిగుతుంది. మొద్దు కత్తి దిగదు కాబట్టి బలం మోపుతాము. బలం మోపినప్పుడు కాయ జారుతుంది, చెయ్యి కత్తి మీద పడుతుంది. కాబట్టి కోత కాలానికి ముందే సాన పట్టించండి. ఇంట్లో సానరాయి ఉంటే తడి చేసి, కత్తిని ఒకే వాలులో పెట్టి, రెండు వైపులా సమానంగా రుద్దండి. పొడిరాయి చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేటట్లు ఎక్కువసేపు పట్టిస్తే అంచు వేడెక్కి నీలి రంగుకు తిరుగుతుంది. అటువంటి అంచుకు గట్టిదనం పోయి, పదును నిలవదు. సాన పట్టేవానికి ఈ మాట చెప్పి, నడుమ నడుమ నీళ్ళలో ముంచమనండి.

అన్ని జాగ్రత్తలు తీసికొన్నా ఎప్పుడో ఒకప్పుడు వేలు తెగవచ్చును. అప్పుడు పసుపు, కాఫీపొడి, సున్నం అద్దకండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా, వేలు మొద్దుబారినా, వంచరాకపోయినా వెంటనే దవాఖానకు పోవలెను. ధనుర్వాతం సూది అవసరమా అని డాక్టరును అడగండి. తెగిన చేతితో కోత పని చేయకండి. ఆ చెయ్యికి హాని, సరుకుకూ హాని. కత్తిపీటను పని కాగానే మడిచి పెట్టండి. మడత లేనిదైతే కత్తికి పాత గోనెగుడ్డ చుట్టి, గోడ వైపు తిప్పి, పిల్లలకు అందని చోట పెట్టండి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నిలబెట్టిన కత్తిపీట నాగుపాముతో సమానం.

ఇప్పుడు ఒరుగులు పెట్టే పద్ధతి వరుసగా చెబుతాను, వ్రాసికొనండి.

రాలిన కాయలను ఆ పూటనే ఏరండి. కుళ్ళు పట్టినవి, రాళ్ళవానకు చితికినవి వేరుచేయండి. పులుపు ఎక్కువ ఉన్న పచ్చికాయే కావలెను, దోరకాయ పనికిరాదు. తొడిమ తీసి కొంతసేపు నీళ్ళలో ఉంచితే సొన కారిపోతుంది, చేతులు మండవు. తరువాత మంచినీళ్ళతో బాగా కడగండి. చెక్కు తీయడానికి కత్తిపీట కంటే చేతి పీలర్ మేలు, కండ వృథా కాదు. కోసిన ముక్కను వెంటనే లీటరు నీళ్ళకు 20 గ్రాముల ఉప్పు చొప్పున కలిపిన నీళ్ళలో వేయండి. గాలి తగలదు కాబట్టి రంగు చెడదు. ఒక వాయి కోత కాగానే తీసి నీరు వాడ్చి, ఎండలో పెట్టండి.

నేల మీద ఆరబెట్టకండి. మన ప్రాంతంలో బొగ్గు లారీలు తిరిగే బాటల పక్కన ఎంత దుమ్ము లేస్తుందో, ఉతికి ఆరేసిన తెల్ల ధోవతిని అడిగితే చెబుతుంది. బాటకు దూరంగా, మిద్దె మీదనో, మంచాల మీదనో శుభ్రమైన గుడ్డ పరచి, ముక్క మీద ముక్క పడకుండా ఒకే వరుసగా పరచండి. పైన పలుచని దోమతెర గుడ్డ కప్పండి. ఈగ వాలదు, దుమ్ము పడదు. దినానికి రెండుసార్లు తిరగవేయండి. సాయంత్రం ఇంట్లోకి తీయండి, వేసవి వాన చెప్పి రాదు. ఏప్రిల్, మే ఎండలకు మూడు నుండి ఐదు దినాలలో ఆరుతుంది. ముక్కను విరిస్తే వంగక పటుక్కున విరగవలెను. వంగితే ఇంకా తేమ ఉన్నదన్నమాట. ఆరిన తరువాత ఒక వారం పెద్ద డబ్బాలో ఉంచి, రోజూ ఒకసారి కదిపి చూడండి. డబ్బా లోపలి గోడకు చెమట పట్టినట్లు కనిపిస్తే మరల ఎండబెట్టండి. చెమట లేకుంటే గాలి చొరని సంచులలో కట్టండి.

"సార్, ఇంత చేస్తే ఎంత వస్తుంది?" అని అడుగుతారు. అడగవలసిందే. 100 కిలోల కాయలో చెక్కు, టెంక, జీడి కలిపి సుమారు 40 కిలోలు పోయినదనుకుంటే 60 కిలోల కండ మిగులుతుంది. పచ్చి కండలో నూటికి 85 పాళ్ళు నీరే అనుకుంటే, గట్టి పదార్థం 9 కిలోలు. కొద్దిపాటి తేమతో కలిపి సుమారు 10 కిలోల ఒరుగు చేతికి వస్తుంది. కాయ రకాన్ని బట్టి, ముదురును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ కావచ్చును. కాబట్టి నా మాట నమ్మవద్దు, మీ తూకాన్నే నమ్మండి. మొదట 10 కిలోలు మాత్రమే తూచి కోసి, ఆరిన తరువాత మరల తూచండి. ఆ బరువును ఆ వారపు మార్కెట్టు ధరతో హెచ్చించండి. అందులో నుండి కోత కూలి తీసివేయండి. ఇంటి ఆడవాళ్ళ కూలి కూడా కూలియే, దానిని సున్నా వేయకండి. మిగిలినదానిని, పచ్చికాయకు బేరగాడు ఇవ్వజూపిన ధరతో పోల్చండి. పోల్చినప్పుడు మీకే తెలుస్తుంది, ఏ సంవత్సరం కోయవలెనో, ఏ సంవత్సరం పచ్చిగా అమ్మవలెనో.

మామిడి ఒక్కటే కాదు. చలికాలం చివర టమాట ధర పడిపోయి, కోత కూలి కూడా రాక రైతులు కాయను చేలోనే వదిలివేయడం చూస్తున్నాము. టమాట ఒరుగు, గోకరకాయ ఒరుగు, కాకరకాయ ఒరుగు మన అవ్వలు ఎరిగినవే. వానకాలంలో కూరగాయలు ప్రియమైనప్పుడు అవే కూరకు ఆధారమయ్యేవి. టమాటకు రంపపు పళ్ళ అంచు ఉన్న చాకు వాడండి, మెత్తని కాయ చితకకుండా తెగుతుంది. కాకర, గోకర కత్తిపీటతోనే కోయవచ్చును.

ఇప్పుడు రైతు సోదరులతో ఒక మాట సూటిగా చెబుతాను, కోపగించుకోకండి. పశువుల మేతను ముక్కలు చేయడానికి మీరు చాఫ్ కట్టర్ కొన్నారు. మేత వృథా కాలేదు, మంచిదే. మందు కొట్టడానికి తైవాన్ స్ప్రేయర్ కొన్నారు. భుజాలకు సుఖం కలిగింది, అదీ మంచిదే. మరి ఇంట్లో ఆమె చేతిలో ఉన్న కత్తిపీటకు చివరిసారి సాన పట్టించినది ఎప్పుడు? గొడ్డు తినే మేత కోసే కత్తికి ఉన్న విలువ, మనం తినే తిండి కోసే కత్తికి లేదా? ఆ చెయ్యి తెగితే నాటు ఆగుతుంది, కలుపు ఆగుతుంది, పొయ్యి ఆగుతుంది. ఒక స్లైసరు, ఒక పీలరు ఖర్చు మందు డబ్బా ఖర్చు ముందర లెక్కలోనిది కాదు. ఏది కావలెనో మీరు పోయి మీకు తోచినది తేకండి. కోసేవారిని వెంట తీసికొని పోండి. పిడి ఆమె చేతికి ఇమిడినదా, పలక ఆమె కూర్చునే ఎత్తుకు సరిపడినదా అన్నది ఆమెకే తెలుస్తుంది.

సంఘాల అక్కలకు, చెల్లెళ్ళకు ఒక సూచన. ప్రతి ఇంట్లో అన్ని పనిముట్లూ కొననక్కర లేదు. పది మంది కలిసి రెండు స్లైసర్లు, ఒక మీట కత్తి, ఆరబెట్టే తెరలు కొంటే, వంతుల ప్రకారం వాడుకోవచ్చును. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో, ఆహార శుద్ధి చేసే స్వయం సహాయక సంఘాల సభ్యురాలికి పెట్టుబడి కొరకు, చిన్న పనిముట్ల కొరకు 40,000 రూపాయల వరకు ప్రారంభ ధనం ఏర్పాటు చేసినారు. ఇప్పుడు దాని అమలు ఏ విధంగా ఉన్నదో మీ మండల సమాఖ్యలో అడిగి తెలిసికొనండి. ఒరుగులు పొట్లాలు కట్టి అమ్మదలచినవారు ఆహార భద్రత సంస్థ వద్ద పేరు నమోదు చేయించుకోవలెను. శిక్షణ, సలహాల కొరకు బెల్లంపల్లిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది.

చివరగా నాతోటి విస్తరణ అధికారులకు మనవి. ఈ విషయం కాగితం మీద చెబితే ఎక్కదు. మార్చి నెలలో మీ రైతు వేదికలో ఒక పూట ప్రదర్శన పెట్టండి. పది కిలోల కాయ కత్తిపీటతో ఒకరికి, పది కిలోలు స్లైసర్‌తో ఒకరికి ఇవ్వండి. గడియారం పెట్టి చూడండి. రెండు రకాల ముక్కలనూ పక్కపక్కన ఎండబెట్టి, వారం తరువాత అదే జనాన్ని పిలిచి విరిచి చూపండి. మగవారిని కూడా కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేత ఒక కిలో కోయించండి. ఆ ఒక్క కిలో తరువాత పనిముట్టు ఎందుకు కొనవలెనో మీరు ఉపన్యాసం ఇవ్వనక్కర ఉండదు.

సోదరులారా, సోదరీమణులారా, గాలిదుమారాన్ని మనం ఆపలేము. రాలిన కాయను మరల చెట్టుకు అతికించలేము. రాలిన కాయ కుళ్ళకుండా చూసికొనడం మాత్రం మన చేతిలో ఉన్నది. దుమారం రాకముందే కత్తికి సాన పట్టించి, తెరగుడ్డలు ఉతికి సిద్ధంగా ఉంచుకొనండి.